కలనుకుని గిరగిరా తిరిగిన రోజు

నిద్రలో చేసిన తప్పును లోకం క్షమిస్తుంది. నేను మెలకువలో ఉండి, నిద్రలో ఉన్నాననుకుని చేశాను. అదీ చుట్టాలందరూ ఆకలితో నకనకలాడుతుండగా చేశాను. నిజామాబాద్‌లో మా వీధివాళ్లు ఇప్పటికీ నన్ను చూడగానే గాల్లో వేలితో సున్నా చుడతారంటే, ఆ ఘనకార్యం ఎంతటిదో ఊహించుకోండి.

మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, పోయాక తరచూ నా కలలోకి వచ్చేది. ఇది కల అని నాకు కలలోనే తెలిసిపోయేది. కానీ ఆమె నన్ను తిట్టడానికి నోరు తెరవగానే సంతోషం పట్టలేక మేలుకునేవాణ్ణి. తిట్లకు సంతోషమేమిటంటారా? అన్నంతో పాటు ఆమె తిట్లు తినే పెరిగాను. ఆ గొంతు ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకునేది. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఫోన్‌లో చూసిన వీడియోలో ఒక మహానుభావుడు ఉపాయం చెప్పాడు: కల చెదిరేలా ఉంటే అరచేతులు రుద్దుకో, గిరగిరా తిరుగు, అందులోనే ఎక్కువసేపు ఉంటావు. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది.

అవ్వ ఏడాది మాసికం నాడు డాబా మీద విస్తరి వేసి పిట్టకు పెట్టారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. ఎంతకీ కాకి రాదు. చూసి చూసి నేను రేకుల నీడలో కునుకు తీశాను. కళ్లు తెరిస్తే ఎదురుగా అవ్వ! అదే ముఖం, అదే ఆకుపచ్చ చీర. నిజానికి ఆమె బోధన్ నుంచి అప్పుడే దిగిన అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ. అక్క గుర్తుగా అక్క చీర కట్టుకుని వచ్చింది. నిద్రమత్తులో నాకది తోస్తేగా!

అరచేతులు గట్టిగా రుద్దాను.

"గదేందిరా, గింత ఎండల సలి పెడ్తుందా?" అంది చిన్నవ్వ.

"అవ్వా, పోకు! జర ఆగు!" అంటూ లేచి గిరగిరా తిరిగాను.

"ఓరి, మెల్లగ! పిట్ట వాలింది!" అని బాపు గుసగుసగా కేకేశాడు.

"నువ్వు నా కలల ఉన్నవు బాపు, సప్పుడు చెయ్యకు!"

ఇంకా జోరుగా తిరిగాను. తూలి విస్తరి పక్కనే బోర్లా పడ్డాను. కాకి ఎగిరిపోయింది.

మేనత్త చేతులు జోడించింది. "అవ్వ పూనింది వీనికి! చెప్పవ్వా, ఏం గావాలె నీకు?"

"అత్తా, నువ్వు గూడ కలనే!"

చిన్నవ్వకు తిక్క రేగింది. "అవ్వ లేదు, గివ్వ లేదు! దున్నపోతు లెక్క పెరిగినవు, బుద్ధి పెరగలే! పొద్దంత పండుడు, లేస్తే ఎగురుడు! మా అక్క నోటికాడి బుక్క పడగొడ్తివి గదరా!"

అదే గొంతు. అదే విరుపు. మోకాలు గీరుకుపోయి భగ్గున మండుతుంటే ఇది కల కాదని అప్పుడర్థమైంది. అయినా తిట్లు ఆగలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"ఇంక తిట్టు చిన్నవ్వా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. సంగతి అర్థమైనట్టుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, రెట్టింపు తిట్టింది. ఆ సందట్లో విస్తరి సంగతి అందరూ మరిచిపోయారు.

"పిట్ట ముట్టిందే!" ఉన్నట్టుండి మేనత్త అరిచింది. చూస్తే కాకి గారె కరుచుకుని దర్జాగా నిలబడి ఉంది.

బాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "గిప్పుడు సమజైంది. వీన్ని కడుపునిండ తిట్టకుంట పోయిన అన్నదే అవ్వ మనసుల మిగిలిన మనాది. ఇగ పదండి, తిందాం."

కనుక పాఠకులారా, పసుపు పండే ఈ నేల మీద నిలబడి ప్రమాణం చేస్తున్నాను: కలను సాగదీయడానికి ఇక జన్మలో గిరగిరా తిరగను. తిట్లు కావలసి వచ్చినప్పుడు బుద్ధిగా బోధన్ బస్సెక్కుతాను.