యమీనా పిన్ని గొంతుకు సరిపడే సైజు

అల్జీరియాలో మా కాన్‌స్టాంటీన్‌ ఊళ్ళో మత్తు డాక్టరు లఖ్దర్‌ను భోజనానికి పిలవాలంటే ఆడవాళ్ళు కాస్త వెనకాడతారు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే ఎదుట కూర్చున్నవాళ్ళ మొహం చూడడు, దవడ చూస్తాడు. మెడ పొట్టిదా, పైపళ్ళు ముందుకొచ్చాయా, నోరు ఎంతవరకు తెరుచుకుంటుంది, ఇవన్నీ ఆయన కళ్ళు వాటంతటవే కొలుచుకుంటూ పోతాయి. కొడుకు నిశ్చితార్థంనాడు కాబోయే వియ్యపురాలు ఆవలిస్తే, ఆవిడ నోరు మూసుకునేలోగా ఈయన "ఇంకొంచెం తెరవండి" అన్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన భార్య వాసిలా ఇప్పటికీ తల పట్టుకుంటుంది.

పైగా కుదురు లేదు. ఆపరేషన్ థియేటర్‌లో ఆయన పక్కన నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను, కాఫీ మొత్తం కూర్చుని తాగడం చూడలేదు. సగం తాగి లేస్తాడు, నిద్రపోతున్న రోగిని మళ్ళీ చూసి వస్తాడు, ఆ కప్పు ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు.

అలాంటివాడి చేతికి యమీనా పిన్ని వచ్చి పడింది.

యమీనాను పిన్ని అని పిలవని ఇల్లు ఊళ్ళో లేదు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ పాటల మేళం ఆవిడదే. డప్పు పట్టుకుని గొంతెత్తిందంటే పక్క వీధిలో కూరలమ్మేవాడు కూడా బేరం ఆపేస్తాడు. ఆ వసంతంలో ఆవిడ రొమ్ములో చిన్న గడ్డ కనిపించింది. తీసెయ్యాలన్నారు. గడ్డ గురించి ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. బెంగంతా గొంతు మీదే. వెనకోసారి వాళ్ళ మేళంలోనే ఒకామెకు ఏదో ఆపరేషన్‌లో గొంతులోకి గొట్టం వేశారట, ఆ తర్వాత ఆమె పాడితే తలుపు కిర్రుమన్నట్టు ఉండేదట. వేసవిలో చెల్లెలు బహీజా కూతురు రీమ్ పెళ్ళి. ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది పిన్నే. అత్తారింటికి పంపే పాట తను తప్ప ఇంకెవరూ పాడకూడదని పిల్లకు చిన్నప్పుడే మాటిచ్చింది.

"కత్తి నీ ఇష్టం నాయనా, ఎక్కడైనా పెట్టుకో. గొంతు జోలికి మాత్రం రాకు" అంది.

లఖ్దర్ మంచం చుట్టూ తిరుగుతూ ఓపిగ్గా చెప్పాడు. ఇప్పుడు వేసేది ఆ గొట్టం కాదు. మెత్తటి చిన్న మాస్కు. స్వరతంతుల మధ్యలోకి దూరదు, వాటి పైన మూతలా కూర్చుంటుంది. అంచులో కాస్త గాలి నింపితే చుట్టూ అతుక్కుంటుంది, ఊపిరి దాని గుండా పోతుంది. సరైన సైజు దొరికితే చాలు. చిన్నదైతే పక్కల నుంచి గాలి కారుతుంది, కారుతోందని అంచులో ఎక్కువ గాలి కొడితే లోపల నొక్కేస్తుంది. మరీ పెద్దదైతే ఒరుసుకుంటుంది. పెద్దవాళ్ళకు మూడు, నాలుగు, ఐదు సైజులున్నాయి.

ఐదు అనే మాట చెవిన పడగానే బహీజా కుర్చీలోంచి లేచింది.

మా ఊళ్ళో ఐదంటే ఉత్త అంకె కాదు. పిల్ల బాగుందని ఎవరైనా అంటే ఐదు వేళ్ళూ చాచి దిష్టి తిప్పికొడతాం. తలుపు మీద ఇత్తడి చెయ్యి, మెడలో వెండి చెయ్యి. ఇక యమీనా లాంటి గొంతుకు ఊరంతా దిష్టే. ఐదు ఉండగా ఇంకోటెందుకని బహీజా పట్టుబట్టింది. పొద్దున బరువు చూసేటప్పుడు కూడా ఇదే గొడవ. బరువు పైకి చదివితే దిష్టి తగులుతుందని ఆవిడ యంత్రం మీద అంకెకు అరచెయ్యి అడ్డం పెట్టింది. ఎంతమ్మా అని నేనడిగితే "ఐదు రాసుకో, దాని ముందు ఏ అంకె కావాలో నువ్వే పెట్టుకో" అంది. చివరికి నేను ఆ చేతివేళ్ళ సందులోంచి చూశాను. తొంభై దాటింది.

మాస్కు డబ్బా మీద రాసిన బరువుల ప్రకారం చూస్తే అది ఐదో సైజే. కానీ పిన్ని పొట్టి మనిషి. ఒళ్ళంతా నడుము దగ్గరే. గొంతు లోపలికి కొవ్వు పోయి కూర్చోదు కదా, ఆడవాళ్ళకు మామూలుగా నాలుగు సరిపోతుంది, అన్నాడు లఖ్దర్. ఆ మాటలో తప్పు లేదు. అయితే ఆయన్ను ఎరిగినదాన్ని కనక ఇంకోటి కూడా చెప్పాలి. బహీజా ఐదు అని అంతలా అనకపోతే, ఆయన కనీసం రెండు మాస్కులూ చేతిలోకి తీసుకుని చూసేవాడు.

"దిష్టికి మందు బజార్లో దొరుకుతుందమ్మా. ఇక్కడ సైజు నేను చూస్తాను" అన్నాడు.

"చూడు, చూడు. నీ కళ్ళు మొదట్నుంచీ మా అక్క దవడ మీదే ఉన్నాయి" అంది బహీజా.

పిన్నికి మత్తు ఇచ్చాం. నాలుగో సైజు వేశాడు. గాలి సంచి నొక్కగానే నోటి పక్క నుంచి సన్నగా బుస్సుమని శబ్దం. మత్తు ఇంకాస్త పెంచాడు. తల కింద దిండు సర్దాడు. గడ్డం పైకెత్తాడు. బుస్సు ఆగలేదు. అంచులోకి ఇంకొంచెం గాలి కొడితే ఆగేదేమో. సిరంజి పట్టుకున్నాడు, పెట్టేశాడు, మళ్ళీ పట్టుకున్నాడు. సర్జన్ చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. ఏమైంది అని అతను అడిగితే ఏం కాలేదు అంటూనే లఖ్దర్ నాలుగు తీసేశాడు. దాని కొసన సన్నటి ఎర్రటి చార. ఆయన నా వైపు చూడలేదు, చెయ్యి మాత్రం చాచాడు. నేను ఐదు అందించాను.

అది కూర్చోవలసినట్టు కూర్చుంది. అంచులో గాలి కొద్దిగానే పట్టింది. బుస్సు లేదు, ఛాతీ సాఫీగా లేచి పడుతోంది. పొట్టి మనిషికి అంత విశాలమైన గొంతు ఎక్కడిదో. పాడి పాడి వచ్చిందో, పుట్టుకతోనే ఉందో మాకెవరికీ తెలియదు.

బయటికొచ్చి లఖ్దర్ దాచకుండా చెప్పేశాడు. మొదట వేసింది సరిపోలేదు, రెండోసారి వెయ్యాల్సి వచ్చింది, కాస్త గీసుకుంది, కొన్నాళ్ళు బొంగురు ఉండొచ్చు. బహీజాకు బొంగురు మాట వినపడలేదు. రెండోసారి వేసింది ఏ సైజని అడిగింది. ఆయన చెప్పాడు. ఆ సాయంత్రానికే ఆసుపత్రి అంతా పాకింది. మర్నాడు అప్పడంలాంటి పిల్లకు ఆపరేషన్ అంటే వాళ్ళ నాయనమ్మ నన్ను పక్కకు పిలిచి ఐదోది వేయించమని బతిమాలింది.

గడ్డ హానిలేనిదని తేలింది. కానీ పిన్ని ఇంటికెళ్ళి మాట్లాడడం మానేసింది. గొంతు దాచుకుంటోందట. లఖ్దర్ ఫోన్ చేస్తే బహీజా ఎత్తేది. అక్క బాగుంది, చేత్తో సైగ చేస్తోంది అనేది. నొప్పుందా అంటే, చెయ్యి ఊపింది అనేది. ఎటు ఊపిందో చెప్పేది కాదు. ఆయనకు రెండు గుక్కల కాఫీ కూడా కిందికి దిగడం మానేసింది. ఆ ఎర్ర చార ఎంత పొడుగుందని నన్ను అడిగినదే అడిగేవాడు.

పెళ్ళినాడు మధ్యాహ్నం ఆడవాళ్ళమంతా బహీజా ఇంటి లోగిలిలో ఉన్నాం. బంగారు జరీ పనిచేసిన మఖమలు గౌనుల్లో చెమటలు కక్కుతూ, తేనె, అక్రోటు మిఠాయి తింటూ, నెత్తి మీద గుడ్డలు తీసేసి హాయిగా కూర్చున్నాం. మగవాళ్ళకు ప్రవేశం లేదు. లఖ్దర్ వాసిలాను దింపి కాఫీ హోటల్‌కి వెళ్ళాల్సినవాడు. వెళ్ళలేదు. కిటికీ కింద సందులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎవరికోసం అని పక్కింటి ముసలాయన అడిగితే, ఒకామె గొంతు వినాలని, అన్నాడట. ముసలాయన కర్ర గట్టిగా పట్టుకున్నాడట.

లోపల పిన్ని డప్పు అందుకుంది. మొదటి చరణం కింది స్థాయిలో నెమ్మదిగా సాగింది. రెండోది లేచింది. పెళ్ళికూతురు తల్లి గడప దాటే చరణంలో గొంతు పైకి పోయేచోట ఠక్కున ఆగిపోయింది. డప్పు ఒక్కటే మోగుతోంది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. గుడ్డలు లాక్కునేవాళ్ళు, గుడ్డ దొరక్క పక్కామె వెనక దూరేవాళ్ళు, నవ్వలేక చచ్చేవాళ్ళు. మధ్యలో లఖ్దర్, ఎటు చూడాలో తెలియక చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని.

"నొప్పెట్టిందా పిన్నీ?" అన్నాడు.

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "ఏడుపొచ్చి ఆగాను నాయనా. నా గొంతుకేం కాలేదు. నీ మర్యాదే పోయింది." అందరి నవ్వూ తగ్గేదాకా ఆగి మళ్ళీ అంది. "వచ్చావుగా. ఆ గోడ వైపు తిరిగి నిలబడు. విని పో."

ఆయన తిరిగాడు. పిన్ని ఆ చరణం మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఆగకుండా పైకి, ఇంకా పైకి వెళ్ళింది. రీమ్ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. సరిగ్గా ఆ కొస దగ్గర, గొంతు అంచున, సన్నటి గరుకు. ఇసుక రేణువంత. ఆడవాళ్ళెవరూ గమనించినట్టు లేదు. గోడ వైపు తిరిగినాయన వీపు మాత్రం బిగుసుకుంది.

వాసిలా ఆయన్ను చొక్కా పట్టుకుని సందులోకి లాక్కొచ్చింది. వెనకే నేనూ వెళ్ళాను.

"విన్నావా?" అన్నాడు నాతో.

"విన్నాను."

"అది ముందు నుంచీ ఉందా? నీ పెళ్ళిలో పాడింది ఆవిడే కదా. అప్పుడుందా?"

"ఏమో డాక్టరుగారూ, ఆ చరణం దగ్గర నేనూ ఏడుస్తున్నాను" అన్నాను.

ఆయన వాసిలా వైపు తిరిగి, మరి నీ పెళ్ళిలోనో అని అడగబోయి, ఆ పెళ్ళి ఎవరితో జరిగిందో గుర్తొచ్చి ఆగిపోయాడు.