ఎడమ పక్క సీటులో సరోజమ్మ

సరోజమ్మకు డ్రైవింగ్ రాదు. అయినా కబ్బన్‌పేట సందుల నుంచి కె.ఆర్.పురం దాకా బెంగళూరు రోడ్లన్నీ ఆమె కారు ముందు సీటులో కూర్చునే చూసింది. భర్త గోపాలప్ప సెకండ్‌హ్యాండులో పాత పద్మిని కారు కొన్నప్పుడు దానికి కుడివైపు ఒక్కటే అద్దం ఉండేది. ఆ రోజుల్లో చాలా కార్లకు అంతే. ఎడమవైపు నుంచి ఏం వస్తోందో చూసి చెప్పే పని మొదట్లోనే ఆమె మీద పడింది.

"ఏమే, ఎడం పక్క?" అని అడిగేవాడు గోపాలప్ప.

"సైకిలు వస్తాండాది, నిలుపు. ఆఁ, ఇప్పుడు పో."

ఆమె మాలూరు దగ్గర పల్లెలో పుట్టింది. పెళ్ళయి కబ్బన్‌పేటకు వచ్చేసరికి అత్తగారింట్లో ముందు గది నిండా మగ్గాలే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. పొద్దున లేచి కండెలు చుట్టడం, మధ్యాహ్నం వంట, మళ్ళీ కండెలు. కారు వచ్చింది షోకుకు కాదు, పట్టుచీరల మూటలు చిక్కపేట అంగళ్ళకు చేర్చడానికి. వెనక సీటులో మూటలు, ముందు వీళ్ళిద్దరూ. ఆదివారం మాత్రం మూటలు ఉండేవి కావు. హొసకోటె రోడ్డు మీద ఎక్కడో ఒకచోట కారు ఆపి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కుని, తొక్కలు కిటికీలోంచి పారేస్తూ తిరిగి వచ్చేవారు. ఇంట్లో పదిమంది మధ్య దొరకని మాటలన్నీ ఆ కారులోనే మాట్లాడుకున్నారు.

మగ్గాలు మూలబడ్డాక కె.ఆర్.పురంలో సైటు కొని ఇల్లు కట్టుకున్నారు. పద్మిని పోయింది. కొన్నేళ్ళకు తెల్లటి చిన్న కారు వచ్చింది. దానికి రెండు వైపులా అద్దాలున్నాయి. అయినా గోపాలప్ప మలుపు దగ్గర "ఏమే, ఎడం పక్క?" అనడం మానలేదు. సరోజమ్మ చెప్పడమూ మానలేదు.

కిందటేడు వానాకాలంలో ఒకరోజు ఆయన కాఫీ తాగి, పేపరు చేతిలో ఉండగానే పోయాడు. తెల్ల కారు కవరు కప్పుకుని వాకిట్లోనే నిలబడింది. దాని మీద రాలే ఆకాశమల్లె పూలను సరోజమ్మ రోజూ పొద్దున చేత్తో తుడిచేది. మిగతా పనులన్నీ కోడలు నేత్రావతికి వదిలేసినా అది మాత్రం ఎవరినీ చేయనిచ్చేది కాదు.

అదే సమయంలో మనుమరాలు స్పందనకు హెబ్బగోడిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. కె.ఆర్.పురం నుంచి ఊరికి ఆ చివర. కంపెనీ బండి ఇంత దూరం రాదు. బస్సులు మారి మారి వెళ్ళేసరికి పిల్ల ముఖం వాడిపోయేది. ఇంట్లో ఉన్న ఇంకో కారు కొడుకు వినయ్‌ది. అది పొద్దున్నే మహదేవపుర ఆఫీసుకు పోతుంది.

వినయ్ లెక్క వేసుకున్నాడు. నాన్న బండిని అమ్మేసి, పిల్లకు కొత్తది కొంటే? కానీ కొత్తదానికి ఇన్సూరెన్సే ఎంతవుతుందో తెలుసుకున్నాక నీరసపడ్డాడు. పైగా స్పందనకు లైసెన్సు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఏం చేయాలో తోచక జరీనాను పిలిచాడు. జరీనా రెండు వీధుల అవతల ఉంటుంది. పద్మిని ఉన్న కాలం నుంచీ ఈ ఇంటి బండ్లకు పాలసీలు చేసేది ఆమే.

"కొత్తగా నడిపే పిల్ల అంటే ప్రీమియం పెంచుతారేమో కదా ఆంటీ?" అని అడిగాడు.

"మన దగ్గర బండిని చూసి కట్టించుకుంటారప్పా, పిల్ల వయసును చూసి కాదు. పిల్ల గీరుకొని వచ్చి ప్రతిసారీ క్లెయిము వేస్తే అప్పుడు ఉంటుంది బాధ," అంది జరీనా. "గోపాలన్న ఇన్నేళ్ళలో ఒక్క క్లెయిమూ వేయలా. బండి డ్యామేజీకి కట్టే దాంట్లో ఆయనకు సగం తగ్గింపు వస్తాండాది. బయటోళ్ళకు అమ్మితే ఆ తగ్గింపు వాళ్ళకు పోదు, మీకూ నిలవదు. ఇంట్లోనే భార్యకో కొడుక్కో బండి వస్తే అదీ వస్తుంది. అయితే పాలసీ ఇంకా ఆయన పేరు మీదనే ఉండాది. మనిషి పోయిన మూడు నెలల్లోపల మార్చుకోవాల. ఇప్పటికే రెండు దాటినాయి."

"అయితే నా పేరు మీదికి మారుద్దాం," అన్నాడు వినయ్.

అప్పటిదాకా గోడకు ఆనుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సరోజమ్మ తలెత్తింది.

"నా పేరు మీదికి రాయించండి."

అందరూ ఆమె వైపు చూశారు.

"నీకు లైసెన్సు లేదు కదమ్మా," అన్నాడు వినయ్.

"ఓనరుకు లైసెన్సు ఉండాలని ఏమీ లేదు," అంది జరీనా. "నడిపే పిల్లకు ఉంటే చాలు. ఓనరు తనకోసం కట్టుకొనే ప్రమాద బీమా ఒకటి ఉంటుంది, బండి నడపని అక్కకు అది అక్కర్లేదు. ఆ మిగిలేదాన్ని స్పందన పేరు మీద విడిగా ఒక ప్రమాద పాలసీకి పెట్టండి. దాన్ని మాత్రం సుమ్నే అట్లనే వదిలేయొద్దు."

ఎందుకు తన పేరు మీద కావాలో సరోజమ్మ చెప్పలేదు. అడిగితే చెప్పగలిగేదీ కాదు. ఆ బండి ఇంకొకరి వాకిట్లో నిలబడి ఉండటం మాత్రం ఆమె ఊహించుకోలేకపోయింది.

ఆర్టీఓ ఆఫీసులో కిటికీ అవతలి మనిషి కాగితాలు చూసి, ముసలామెను చూసి నవ్వాడు. "ఏమమ్మా, డ్రైవింగ్ వస్తుందా మీకు?"

"రాదప్పా. పక్కన కూర్చునేది వచ్చు," అంది సరోజమ్మ.

వినయ్ కూతురికి ఒక్క షరతు పెట్టాడు. చేయి కుదిరేదాకా శని, ఆదివారాలు ఈ చుట్టుపక్కలే నడపాలి, పక్కన అవ్వ ఉండాలి. స్పందన మూతి ముడిచినా ఒప్పుకుంది.

మొదటి శనివారమే గొడవ మొదలైంది. "ఎడం పక్క ఆటో ఉండాది... నిలుపు... ఇంకా కొంచెం... ఆఁ, పో," అని అవ్వ ఆపకుండా చెబుతూనే ఉంది. స్పందనకు కంగారు పుట్టి రెండుసార్లు బండి ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు.

"అవ్వా, మిర్రర్ ఉంది కదా! నేను చూసుకుంటా. నువ్వు చెప్తే టెన్షన్ అవుతుంది నాకు."

సరోజమ్మ నోరు మూసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు కూడా చూడకుండా, ఎదురుగా అద్దం మీద గోపాలప్ప అంటించిన వెంకటేశ్వరస్వామి బొమ్మనే చూస్తూ కూర్చుంది. సంత దగ్గర సందులోకి తిరిగేటప్పుడు మోరీ పక్కన పాతిన రాతి స్తంభం ఎడమ తలుపును బర్రున గీకింది.

స్పందన బండి ఆపి దిగి చూసింది. తెల్ల రంగు మీద మూరెడు పొడవు గీత. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పక్కనే ఉన్నావు కదా అవ్వా, ఎందుకు చెప్పలేదు?"

"అద్దం ఉండాది అంటివి కదే."

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది స్పందనే, ముక్కు ఎగబీలుస్తూ. ఆ నవ్వు చూసి సరోజమ్మకూ ఆగలేదు.

వినయ్ నవ్వలేదు. క్లెయిము వేద్దామని జరీనాకు ఫోను చేశాడు. "ఈ గీతకా? వేస్తే వచ్చే ఏడు తగ్గింపంతా పోతుంది. టింకరింగ్ షాపులో చేయించుకోప్పా. పెద్ద దెబ్బ తగిలిన రోజు చూద్దాం," అందామె.

మరుసటి ఆదివారం అవ్వా మనుమరాలూ మల్లికార్జున్ టింకరింగ్ షాపుకు పోయారు. అతను తలుపు మీది గీతను సరిచేస్తుంటే ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. పెయింటు వాసన వస్తోంది. బాగవుతున్న ఆ తలుపును చూస్తుంటే సరోజమ్మకు కబ్బన్‌పేట ఇల్లు గుర్తొచ్చింది.

"మీ తాత పద్మిని తెచ్చిన రోజు ఏం చేసినాడో తెలుసా?" అంది. "వీధిలో అందరూ చూస్తాండారని దర్జాగా తిప్పి, మన ఇంటి అరుగుకే కొట్టినాడు. అరుగు రాయి ఊడింది, బండి లైటు పగిలింది. ఇంక ఈ జన్మలో నడపను, పొద్దున్నే అమ్మేస్తానని ఆ పగిలిన అరుగు మీదనే కూర్చున్నాడు. అన్నం తినలా."

"తాతా?" అంది స్పందన నమ్మలేక. ఆమెకు తెలిసిన తాత నిదానంగా, నిబ్బరంగా నడిపేవాడు. "తర్వాత ఏమయింది?"

"తెల్లారి చీరలు అంగడికి పోవాల కదా. నేను పోయి ముందు సీట్లో కూర్చుంటి. పద, నేను చూస్తా ఎడం పక్క అంటి. వచ్చినాడు."

స్పందన అవ్వ చేయి తన చేతిలోకి తీసుకుంది. మల్లికార్జున్‌కు ఇవ్వాల్సింది తన జీతంలోంచి తనే ఇచ్చింది.

చలికాలం దాటేసరికి పిల్ల చేయి కుదిరింది. హెబ్బగోడికి ఒక్కతే పోయి వస్తోంది. మొదటి రోజు ఆమె ఇల్లు చేరేదాకా సరోజమ్మ గేటు దగ్గరే నిలబడింది. తర్వాత నిలబడటం మానేసింది. పాలసీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు తగ్గింపు చెక్కుచెదరలేదని జరీనా చెప్పింది. "ఇంక నేనూ నేర్చుకుంటా," అంది నేత్రావతి. వినయ్ తల పట్టుకున్నాడు.

ఒక ఆదివారం సరోజమ్మ అక్కను చూడటానికి అవ్వా మనుమరాలూ మాలూరు బయల్దేరారు. కొద్ది దూరం పోయేసరికి పక్క నుంచి మాట రావడం ఆగిపోయింది. స్పందన తిరిగి చూస్తే అవ్వ తల సీటుకు ఆనించి నిద్రపోతోంది. గోపాలప్ప నడిపినన్నాళ్ళూ సరోజమ్మ కారులో ఒక్కసారైనా కునుకు తీసింది లేదు. ఆయన పడుకోమన్నా పడుకునేది కాదు.

స్పందన పాట సౌండు తగ్గించి, లారీలను ముందుకు పోనిచ్చి, నెమ్మదిగా నడిపింది. చాలా దూరం పోయాక సరోజమ్మ ఉలిక్కిపడి లేచి, చీర కొంగు సర్దుకుంది.

"యాడికొచ్చినామే?"

"మాలూరు రాలేదు అవ్వా. ఇంకా టైం ఉంది, పడుకో."