కారం వెయ్యని థాయ్ హోటల్
నరసరావుపేటలో థాయ్ హోటళ్ళు వెతుక్కుంటూ ఎండలో తిరుగుతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేదాన్ని. మా ఆయనకు నోటి జబ్బు చేసింది. హైదరాబాదులో క్యాన్సరుకు కరెంటు పెట్టించుకుని ఇంటికొచ్చేసరికి నోరంతా పుండ్లు. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మా అమ్మాయి పక్క వీధిలోని థాయ్ హోటల్ నుంచి కొబ్బరిపాల సూప్ తెచ్చేది. అదొక్కటే మిగల్చకుండా తాగేవాడు. ఇంటికొచ్చాక నేను మెత్తగా రుబ్బి ఇచ్చే పప్పు, జావ నాలుగు చెంచాలు మింగి పక్కన పెట్టేవాడు. ఆకలి లేదనేవాడు. రెండు నెలల్లో చొక్కాలన్నీ వదులైపోయాయి. ఇంకా బరువు తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

స్టేషన్ దగ్గర ఒక ఫాస్ట్‌ఫుడ్ బోర్డు మీద చైనీస్‌కీ తందూరీకీ మధ్య థాయ్ అని కూడా రాసి ఉంది. కారం అసలు వద్దని మూడుసార్లు చెప్పాను. వంటవాడు నా కళ్ళముందే గుప్పెడు పచ్చిమిర్చి బాణలిలో పడేశాడు. ఇదేందయ్యా అని అడిగితే, నాకోసం తక్కువే వేశానన్నాడు. మా వైపు కారం వద్దన్నారంటే మొహమాటపడుతున్నారనే లెక్క. చాలు అన్నవాడి విస్తట్లో ఇంకో గరిటె వేసే ఊరు మరి.

వినుకొండ రోడ్డులోని ఏసీ హోటల్లో సూప్ ఎర్రగా వచ్చింది, పైన ఎండుమిర్చి తేలుతున్నాయి. కారం లేకుండా వండితే తన హోటల్ పేరు పోతుందన్నాడు యజమాని. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి పోయినా ఫర్వాలేదా అని అందరి ముందూ అడిగేసి బయటికొచ్చాను.

వారం తిరిగాక ప్రకాశ్ నగర్‌లో ఒక ఇంటి మేడ మీద నాలుగు బల్లల హోటల్ దొరికింది. నడిపే ఆయనది శావల్యాపురం, బెంగళూరులో థాయ్ హోటల్లో ఏళ్ళ తరబడి వండాడట. సంగతి చెప్పగానే నిమ్మరసం, అల్లం కూడా మానేసి, కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, పుట్టగొడుగులతో చేసి ఇచ్చాడు. ఇంటికి తెస్తే మా ఆయన గిన్నె ఎత్తి తాగాడు. ఇంకా ఉందా అని అడిగాడు. నిజం చెప్పొద్దూ, సంతోషం కంటే ముందు నాకు రోషమే వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా వండిపెడుతున్న నా చేతిలో లేనిది ఆ మేడ మీద ఏముంది?

మర్నాడు వెళ్ళి వంటగది చూపించమన్నాను. కొబ్బరి రుబ్బే మిక్సీ జార్ విడిగా, గుడ్డ కప్పి, పై అరలో ఉంది. దానికి అంత మర్యాద ఎందుకని వెటకారమాడాను. ఆయన మిరపకాయలు తిప్పే జార్ మూత తీసి, దాని రబ్బరు ఊడబీకి నా చేతిలో పెట్టాడు. అది ఎర్రబారిపోయి ఉంది.

"ఎన్నిసార్లు కడిగినా దీంట్లో కారం పోదు చెల్లెమ్మా. మన నోళ్ళకు తెలీదు. పుండు మీద పడితే తెలుస్తది."

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే జార్. ఎండుమిర్చి అందులోనే, పచ్చళ్ళు అందులోనే, మా ఆయన జావ కూడా అందులోనే. ప్రతిసారీ నేను చెంచాడు నోట్లో వేసుకుని చూశాకే ఇచ్చాను. నాకు చప్పగా ఉండేది. పుట్టిన దగ్గర నుంచి గొడ్డుకారం తిని మొద్దుబారిన నాలుకతో, నోరు పూసిన మనిషికి రుచి చూసిపెట్టాను. రెండు నెలలు, మూడు పూటలా, బతిమాలి మరీ ఆయన పుండ్ల మీద కారం పోశాను.

ఎలా ఇంటికొచ్చానో గుర్తులేదు. ఆయన మంచం పక్కన కూలబడి, మంటగా ఉందని ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని నిలదీశాను. తప్పు నాదే అయినా కోపం ఆయన మీదికే పోయింది. ఆయనకు మాత్రం కోపం రాలేదు. గ్లాసులో నీళ్ళు కొంచెం తాగి, నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వు రుచి చూసే పెడతన్నావు గదా. నీకు లేని మంట నాకుందంటే జబ్బు తిరగబెట్టిందనుకున్నా. ఆ మాట నీకెట్టా చెప్పేది?"