వానలో తప్పించుకున్న తొలిచూలు పెయ్య

పెళ్లయిన కొత్తలో, రెండు వేల నాలుగులో, మా ఆయన వెంట నేను అల్ ఐన్ వెళ్లాను. ఊళ్లో అందరికీ దుబాయ్ అనే చెప్పాను. తీరా దిగింది ఇసుక మధ్య ఒక పాల ఫారం క్వార్టర్స్‌లో. ఆయన అక్కడి పశువుల డాక్టరుకు సహాయకుడు. గదిలో ఒక్కదాన్నే కూర్చోలేక దూడలకు సీసాతో పాలు పట్టే పనిలో చేరాను.

మొదటి రోజు ఆ ఆవుల్ని చూసి నవ్వాపుకోలేకపోయాను. మా గోదావరి వైపు ఒంగోలు ఆవంటే మూపురం, గంగడోలు, నడకలో దర్జా. ఈ నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ జాతి ఆవులకు మూపురం జాడే లేదు. వీపు బల్లలా చదునుగా ఉంది. పొదుగు మాత్రం నడవడానికే అడ్డమొచ్చేంత.

"ఇవి ఆవులా, పాలట్యాంకులా అండీ?" అన్నాను.

"మెల్లిగా అను, ముదీర్ వింటాడు," అన్నారాయన, తనూ నవ్వుతూ. ముదీర్ అంటే అక్కడి మేనేజరు.

అక్కడి పెయ్యలన్నీ ఫారంలోనే పుట్టి, ఫ్యాన్ల కిందే పెరిగినవి. వాటికి వానంటే ఏమిటో తెలియదు. ఒక చలికాలం పొద్దున ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, ఉరిమి, పెద్ద పెద్ద చినుకులతో వాన దంచికొట్టింది. నేను దూడల్ని వదిలి బయటికి పరిగెత్తాను. ఎదురుగా తొలిచూలు పెయ్యల దొడ్డి. మొదటిసారి ఈనబోయే అవి, అంతంత పొట్టలేసుకుని, తోకలు నిటారుగా లేపి గంతులేస్తున్నాయి! కొన్ని నాలుక చాపి చినుకులు పట్టుకుంటున్నాయి. నేనూ చున్నీ నడుముకు చుట్టి వాటితో పాటు గిర్రున తిరిగాను.

"చూడితో ఉన్నవి గెంతకూడదు! ఆపండి!" అని మా ఆయన అరుపు. ఎవరాపుతారు, ఎలా ఆపుతారు?

సరిగ్గా అప్పుడే మేత బండి లోపలికి వచ్చింది. దాన్ని నడిపేవాడిది నిజామాబాద్ దగ్గరి పల్లె, అన్నా అని పిలిచేదాన్ని. బండి కోసం గేటు తీశాడో లేదో, ఒక పెయ్య అతని పక్కనుంచి బాణంలా బయటికి దూసుకుపోయింది.

"ఓ చెల్లె, పెయ్య ఉరికింది! బండెక్కుండ్రి, యల్లా!"

ముగ్గురం ఆ మేత పికప్పే ఎక్కి వెంటపడ్డాం. వైపర్లు పని చేయలేదు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి "కుడికి! ఎడమకి!" అని దారి చెబుతున్నాను. నోట్లోకి వాన, పైగా నవ్వు. పెయ్య పక్కనున్న ఖర్జూరం తోటలో దూరింది.

మేం వెళ్లేసరికి అది చెట్ల మధ్య పడుకుని ముక్కుతోంది. తోట యజమాని, తెల్లగడ్డం అరబ్బు తాత, దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తను మాత్రం నిలువునా తడిసిపోయాడు.

"నీ బఖరాకు కడుపునొప్పి," అన్నాడు హిందీలో, ఎంతో కంగారుగా. బఖరా అంటే అరబ్బీలో ఆవు.

"నొప్పి కాదు బాబా, ఈనుతోంది," అన్నారు మా ఆయన, మోకాళ్ల మీద కూర్చుంటూ.

ముందు రెండు గిట్టలు, వాటి మీద ముట్టె కనిపించాయి. మా ఆయన పెయ్య ముక్కినప్పుడల్లా మెల్లిగా లాగారు. అన్న "దా బిడ్డా, దా" అని బతిమాలుతున్నాడు. జారుతూ వచ్చిపడింది దూడ. ఒళ్లంతా కాటుక నలుపు, తెల్లమచ్చ ఒక్కటీ లేదు. ఆడది. తాత దూడనీ తల్లినీ మార్చి మార్చి చూశాడు.

"దీని తండ్రి ఎవరు?" అని గుసగుసగా అడిగాడు.

"ఆంగస్ జాతి అట బాబా, నల్లగ ఉంటదట," అన్నాడు అన్న. "మేము గూడ సూడలే. గడ్డిపోచంత గొట్టంల ఇమానమెక్కి వచ్చిండు."

తొలి కాన్పు తేలిగ్గా కావాలని కొన్ని పెయ్యలకు దూడ చిన్నదిగా పుట్టే ఆ జాతి వీర్యాన్ని గొట్టంలో తెప్పించి వేస్తారని మా ఆయన వివరించారు. తాత అంతా శ్రద్ధగా విని, ఆ గొట్టం మాట గుర్తొచ్చి, ఖర్జూరం చెట్టుకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు.

తర్వాత ఆ దూడను ఏం చేస్తారని అడిగాడు. ఆంగస్‌ది మాంసం జాతి కాబట్టి ఇలాంటి దూడను పాల మందలో ఉంచరని, మాంసం పశువుల దొడ్డికి పంపుతారని మా ఆయన చెప్పారు. తాత నవ్వు ఆగిపోయింది.

"నా తోటలో పుట్టింది. నా అతిథి. ముదీర్‌కు ఫోన్ కలుపు."

ఇద్దరూ అరబ్బీలో ఏం మాట్లాడుకున్నారో మాకు అర్థం కాలేదు. చివర్లో తాత ఫోన్ మా ఆయనకు ఇచ్చాడు. ముదీర్ "ఖలాస్, దూడను ఆయన్నే ఉంచుకోమను" అన్నాడని మా ఆయన చెప్పగానే నేను ఆ బురదలోనే ఎగిరి గంతేశాను. అక్కడే ముర్రుపాలు పిండి దూడకు పట్టాం. తల్లిని ఫారంకు తోలుకొచ్చాం.

మర్నాడు దూడ వాటా పోగా మిగిలిన ముర్రుపాలతో బెల్లం, యాలకులు వేసి జున్ను వండి తీసుకెళ్లాను. తాత ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఇది పాలంటే నమ్మనే లేదు. గిన్నె తిరగేసి కింద కూడా చూశాడు. దూడ పాలు మానేదాకా రోజూ సాయంత్రం సీసా పట్టుకుని వెళ్లేదాన్ని. దూడ నన్ను చూస్తే చాలు పరిగెత్తుకొచ్చి తలతో కుమ్మేది. కొమ్ములు మొలవని జాతి కాబట్టి బతికిపోయాను. తాత దాని మెడలో ఒంటె గంట కట్టాడు. అది పికప్ వెనక ఎక్కి, చెవులు గాలికి ఊపుకుంటూ, ఆయనతో పాటు పచ్చగడ్డి కొనడానికి సంతకు కూడా వెళ్లొచ్చేది.