కంటెయినర్ గుమ్మంలో ముగ్గు

తెల్లవారేసరికి పుదుచ్చేరి మూలకుళంలో మా వీధంతా తడిమట్టి వాసన. ఎదురింటి పెద్దమ్మ బకెట్లో చెయ్యి ముంచి వాకిట్లో నీళ్లు చల్లుతుంటే, ఆ చప్పుడుకే నాకు రోజూ మెలకువ వస్తుంది. ఇవాళ అంతకుముందే లేచి కూర్చున్నాను. ముగ్గుపిండి డబ్బా మాత్రం తీయలేదు. పెద్దమ్మ తన చుక్కలు కలపడం ముగించి, పొడిగా ఉన్న మా గుమ్మం వైపు చూసి, "ఏంది జయంతీ, ఇంకా కోలం పెట్టలే?" అంది. లోపలికి వచ్చేశాను. ఆవిడకు కన్నియక్క ఎవరో తెలియదు. మీకూ తెలియదు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

నేను కేంద్ర పోలీసు దళంలో చేరిన కొత్తలో, అంతా ఆడవాళ్లే ఉన్న మా కంపెనీని ఐక్యరాజ్యసమితి శాంతి దళంగా ఆఫ్రికాకు పంపారు. అక్కడ రేకు కంటెయినర్లే మా గదులు, గదికి ఇద్దరు. నా గదిలో రెండో మంచం హెడ్ కానిస్టేబుల్ కె. కన్నియమ్మది. మొదటి రోజు నాతో హిందీలోనే ముక్తసరిగా మాట్లాడింది. సాయంత్రం నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, ఉతికిన సాక్సులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పుదుచ్చేరిలో యాడ పిల్లా మీది?" ఆమెది అక్కడే అరియాంకుప్పం, వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం రాయడం ఇద్దరికీ రాదు. నేను తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నాను, ఆమె మాత్రం "నోటికొస్తే చాల్లే" అని నవ్వేసేది.

ఊళ్లో అందరూ మేము రోజూ తుపాకులు పేలుస్తున్నామనుకునేవారు. నిజానికి పొద్దున పరుగు, పరేడు, తర్వాత గేటు దగ్గర కాపలా, లేదంటే జీపుల్లో సంత దాకా, బడి దాకా గస్తీ. సంతలో పిల్లలు మా నీలి టోపీలు చూసి వెంటపడేవారు. తిరిగొచ్చాక ఎర్రదుమ్ము పట్టిన యూనిఫాం ఉతకడం, ఇస్త్రీ చేయడం, సిగ్నలు కోసం ఫోను ఎత్తి పట్టుకుని కంచె వెంట తిరగడం. ఇంతే మా వీరత్వం.

ఇన్ని పనుల్లోనూ కన్నియక్క ఒక పని మానేది కాదు. పరుగుకు వెళ్లే ముందే లేచి, మొహం కడుక్కోగా మిగిలిన నీళ్లు కంటెయినర్ ముందు చల్లి, మెస్సులో అడిగి తెచ్చుకున్న బియ్యప్పిండితో మెలికల ముగ్గు వేసేది. ట్రాక్‌సూటూ, బూట్లూ వేసుకుని వంగి ముగ్గేసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. "నేనొచ్చింది తుపాకీ పట్టడానికక్కా, ముగ్గులకు కాదు" అన్నాను ఒకసారి, పొగరుగానే. "తుపాకీ గేటుకాడ. ఈడ మనం కాపురముండేది" అంది తలెత్తకుండా. "వాకిట్లో కోలం లేకపోతే ఇదేమన్నా ఇల్లా? గోదాము."

కమాండెంట్ మేడం తనిఖీకి వచ్చే రోజు, ఆ పిండి తుడిచేయమని మా ఇన్‌స్పెక్టర్ చెప్పింది. కన్నియక్క సెల్యూట్ కొట్టి "యస్ మేడం" అంది గానీ చీపురు ముట్టలేదు. కమాండెంట్ వచ్చింది, కిందికి చూసింది, కాసేపు ఆగింది. ఆ తర్వాత అంత పెద్ద బూటు ఎత్తి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి గదిలోకి అడుగుపెట్టింది. వెనకాల వచ్చిన ఇన్‌స్పెక్టర్ కూడా గెంతక తప్పలేదు. ఆ పూట మెస్సులో అందరూ ఆ గెంతునే నటించి చూపించుకున్నారు.

నేను అంత గొడవగా నవ్వేదాన్నే గానీ, ఫోను మోగితే మాత్రం ఇంటినుంచేమోనని హడలిపోయేదాన్ని. మా నాన్న మిల్లు కార్మికుడు. కిడ్నీలు చెడిపోయి, గోరిమేడు ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకునేవాడు. నేను వెళ్లనని మొండికేస్తే, "పోయిరా పాపా, నీ పుణ్యాన మన వీధోళ్లకు ఆఫ్రికా యాడుండాదో తెలుస్తాది" అని నవ్వించి పంపాడు. నాకు సెలవు దొరికేదాకా ఆయన ఉంటాడా అన్నదే నా దిగులు. కన్నియక్కకు ఆ దిగులు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది, ఆమె తల్లి కూడా మంచాన ఉంది. వీడియో కాల్లో నాన్న నాతోకంటే ఆమెతోనే ఎక్కువ మాట్లాడేవాడు. "కన్నియమ్మా, మా పాప తింటా ఉండాదా?" "తిండికి లోటు లేదు చిన్నాయనా, పనికే లోటు!"

ఒక రోజు తెల్లవారుజాము కాపలా ముగించుకుని గదికి వస్తున్నాను. దూరంనుంచే ఏదో తేడాగా అనిపించింది. గుమ్మం ముందు పొడిమట్టి. ముగ్గు లేదు. కన్నియక్క యూనిఫాంలో, జడ వేసుకోకుండా మెట్టు మీద కూర్చుని ఉంది. మిగతావాళ్లకు అది కనబడి ఉండదు, కనబడినా ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఉంటారు. నాకు అర్థమైంది. ముగ్గు పెట్టలేదంటే ఇంట్లో మనిషి పోయినట్టే.

పాపం, వాళ్లమ్మ అనుకున్నాను. తుపాకీ పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "పెద్దామెకు వయసైపోయింది అక్కా, ఇంక కష్టపడకుండా పోయిందనుకో" అని నాకు చేతనైన ఓదార్పు మాటలన్నీ చెప్పాను. ఆమె వింటూ వింటూ ఏడ్చింది. చివరికి, "మా అమ్మ బాగుండాది జయంతీ" అంది.

"మరి ముగ్గు?"

"ఈ గుమ్మం మనిద్దరిదీ కదా" అంది.

ఏదైనా జరిగితే నాకు ఫోన్లో చెప్పొద్దనీ, కన్నియమ్మ పక్కన కూర్చుని చెప్పాలనీ నాన్న అమ్మకు ముందే చెప్పి ఉంచాడట, అందుకే అమ్మ ఆమెకు ఫోను చేసింది. నేను చెయ్యి విదిలించుకుని లేచాను, అరిచాను, కంచె వెంట గుడ్డిగా నడిచాను. ఆమె నా పక్కనే నడిచింది. ఎండ ముదిరాక నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది.

విమానం దొరికి నేను ఇంటికి చేరేసరికి దహనం అయిపోయింది, కర్మలకు మాత్రం అందుకున్నాను. ఉద్యోగం చాలు, ఇంట్లో ఉండమంది అమ్మ. నాకూ అదే బాగనిపించింది. నా సామాను పంపించమని అడుగుదామని కన్నియక్కకు ఫోను చేశాను. "వొచ్చేదీ మానేదీ నీ ఇష్టం" అంది. "నువ్వొచ్చేదాకా గుమ్మం నేను ముట్టను. ఊడ్చి పెడతా, అంతే." అడగాలనుకున్నది అడగకుండానే ఫోను పెట్టేశాను.

తిరిగి వెళ్లాను. గుమ్మం ముందు మట్టి మీద చీపురు గీతలు తప్ప ఏమీ లేవు. మర్నాడు పొద్దున కన్నియక్క నీళ్లు చల్లి, పిండి నా అరచేతిలో పోసింది. "పోయింది మీ నాయన. మొదటి చుక్క నువ్వు పెట్టాల." పెట్టాను. వరస వంకరపోయింది. "ఏంది పిల్లా ఇది, కోడి గీరినట్టుండాది!" అంది. నాన్న పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత నేను మారిన ప్రతి క్వార్టర్స్ ముందూ, పెట్టె విప్పకముందే ముగ్గు పెట్టాను. నా ముగ్గు ఈనాటికీ వంకరే. నిన్న కన్నియక్క కొడుకు ఫోను చేస్తే అరియాంకుప్పం వెళ్లి, ఆమెను చివరిసారి చూసి వచ్చాను. బంధుత్వం లేదు కాబట్టి లెక్కప్రకారం నాకు మైల లేదు. కానీ పొద్దున డబ్బా మీదికి చెయ్యి పోలేదు.

ఇంతవరకు రాసేసరికి పెద్దమ్మ ఉండబట్టలేక గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఎవురన్నా పోయినారా పాపా?"

"మా అక్క పెద్దమ్మా."

"నువ్వొక్కదానివే కదా? అక్క యాడనుంచి వొచ్చె?"

"ఉన్నింది పెద్దమ్మా. ఇద్దరం ఒక గుమ్మంలో ఉన్నినాం."

పెద్దమ్మ వెళ్లి తన చీపురు తెచ్చి మా వాకిలి ఊడ్చింది. నీళ్లు చల్లకుండా వెళ్లిపోయింది.