రూపాయి బోణీకి అమ్మిన నైటీ

మొన్న మా కోడలు హనుమకొండలో కొత్తగా తెరిచిన పెద్ద బట్టల దుకాణానికి తీసుకుపోతే, అక్కడ అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మకు తొడిగిన గౌను చూసి నాకు నవ్వాగలేదు. మెడ నుంచి మడమల దాకా వదులుగా జారే కాటన్ గుడ్డ, గుండెల మీద రెండు కుచ్చులు, పక్కన ఒక జేబు. ముప్పై ఏళ్ళు బట్టల కొట్టులో కూర్చున్నదాన్ని, కళ్ళు మూసుకొని తడిమినా చెప్పగలను, అది నైటీ. దాని మెడలో వేలాడే కాగితం మీద మాత్రం ‘లాంజ్ వేర్’ అని రాసి ఉంది, ధరేమో మనకు తెలిసిన నైటీలు నాలుగు వచ్చేంత. అలవాటు చావక అక్కడున్న అమ్మాయిని సగానికి అడిగాను. ఆ పిల్ల నావైపు జాలిగా చూసి, కాగితాన్ని నా కళ్ళకు ఇంకాస్త దగ్గరగా పెట్టింది. మా కోడలు, ఈవిడెవరో నాకు తెలియదన్నట్టు రెండడుగులు పక్కకు జరిగింది.

బేరం పోతే పోయింది, ఆ నైటీ అన్న మాట మాత్రం ఇంటిదాకా నా వెంటే వచ్చింది. నా ఈడువాళ్ళకు వేరే చెప్పాలా, అది మన కళ్ళముందే ఎన్ని వేషాలు మార్చిందో.

మా పుట్టిల్లు తొర్రూరు. నాయినది బట్టల దుకాణం. నా చిన్నతనంలో నైటీ అంటే మా కొట్టులో గొంతు తగ్గించి పలికే మాట. ఉన్న నాలుగైదింటినీ నాయిన చీరల బీరువా కింది అరలో పాత పేపర్లో చుట్టి దాచేవాడు. దవాఖాన నర్సమ్మలు వచ్చి అడిగితే అమ్మను పిలిచి, తాను అటు తిరిగి అప్పుడే వెలిగించిన అగరుబత్తిని మళ్ళీ వెలిగిస్తూ నిలబడేవాడు. కొన్నేళ్ళకు కాన్పుకు దవాఖానకు పోయే బిడ్డలకు తల్లులు కొనడం మొదలయ్యాక, ఫ్లాస్కు, పాతచీర ముక్కల సరసన అదీ చేరి, ఆ మాటకు బాలింత వాసన పట్టుకుంది. నైటీ అడిగిన ఆడమనిషిని ‘ఎన్నో నెల’ అని అడగడం మర్యాదలో భాగమైపోయింది. అందుకే నన్ను జనగామ ఇచ్చి చేసినప్పుడు, మా అమ్మ సారెపెట్టెలో ముచ్చటపడి పెట్టిన నైటీని చూసి అత్తవారి చుట్టాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు ఆగడానికి ఏడాది పట్టింది.

అత్తవారిదీ బట్టల దుకాణమే, ముందు కొట్టు, వెనక ఇల్లు. మా అత్తమ్మకు ఒకటే కట్టడి: వంటింట్లో నీ ఇష్టం, నైటీతో దర్వాజ దాటావో నీకూ నాకూ చెల్లు. ఆ కట్టడికి మొదటి గండి భూపాలపల్లి నుంచి పడింది. మా ఆడబిడ్డను అక్కడ బొగ్గుబాయిలో పనిచేసే అతనికి ఇచ్చాం. వాళ్ళ క్వార్టర్లలో నల్లా వరుసకాడ, పాల బండికాడ, కూరగాయల తోపుడు బండికాడ ఆడవాళ్ళంతా నైటీల మీదే ఉండేవారు, భుజాల మీద ఒక తువ్వాల కప్పుకుంటే చాలు. ఆ తువ్వాలలోనే ఉంది కిటుకంతా. నైటీ మీద తువ్వాల కప్పుకున్న ఆడమనిషి వీధిలో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే లెక్క. ఎదురొచ్చిన పెద్దమనిషి పలకరించకుండా తల తిప్పుకుంటాడు, ఆమె కూడా అతన్ని చూడనట్టే పోతుంది. ఎవరు రాశారో తెలియదు గాని, ఈ కట్టుబాటు మెల్లగా మా జనగామ బజారుకూ వచ్చింది, మా ఇంటి దర్వాజ దగ్గర మాత్రం ఆగిపోయింది.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కొట్లన్నీ షట్టర్లు దించుకున్నాయి. బొగ్గుబాయి కూడా ఆగిపోవడంతో ఆడబిడ్డ మూడు ఆటోలూ ఒక పాలవ్యానూ మారి పుట్టింటికి చేరింది. ఊళ్ళో ఒక్కొక్క వాడ ఆడవాళ్ళు వంతులవారీగా చౌరస్తాలో వంటావార్పు చేస్తున్నారు, అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండి కదలకుండా చూడడం. మా బజారు వంతు వచ్చేసరికి స్టేషన్ వాడ నుంచి ఒక అక్క నలుగురిలో నా మొహమ్మీదే అనేసింది.

“షావుకార్ల ఇండ్లళ్ళ ఆడోళ్ళా? గల్లాపెట్టె ఇడిచి రోడ్డు మీదికొస్తరా వాళ్ళు? ఇంట్ల కూసోని కిటికీలకెల్లి జిందాబాద్ అంటరు.”

నాకు ఒళ్ళు మండింది. రేపు పొద్దు నెత్తికెక్కకముందే మా బజారు పొయ్యి వెలుగుతుంది, వెలగకపోతే నా పేరు మార్చుకుంటానని చెప్పేశాను. చెప్పినదాన్ని ఊరుకున్నానా, ఆ సాయంత్రమే అన్నం వండే పెద్ద గంజు కిరాయికి టెంటుహౌసుకు పోయాను. నోరు మూసుకొని అడిగిన కిరాయి ఇచ్చి వచ్చేస్తే కథ వేరేగా ఉండేది. నేనేమో అరగంటసేపు బజారంతా వినేట్టు, తెలంగాణ కోసం కూడా తగ్గించవా, రేపు మీవాళ్ళు తినరా, చౌరస్తా దాకా నువ్వే తెచ్చిపెడితే ఏం పోతుంది అని బేరం సాగించాను. సగం షట్టరు దించిన పక్క హోటల్లో చాయ తాగుతున్న పోలీసాయన గ్లాసు కింద పెట్టి శ్రద్ధగా విన్నాడట. చీకటి పడకముందే టెంటుహౌసు వాళ్ళకు గంజులు ఇవ్వొద్దని కబురు అందింది, మా వీధి రెండు కొసల్లో ఇద్దరిద్దరు కానిస్టేబుళ్ళు నిలబడ్డారు. చీర కట్టి, చేత గిన్నె పట్టుకున్న ఏ ఆడమనిషినీ వాళ్ళు కదలనివ్వడం లేదు. అయిదు రూపాయలు తగ్గించుకోబోయి బజారు పరువంతా గంగలో కలిపేశాను.

తెల్లవారుతుండగా ఆడబిడ్డ నా పక్కన కూర్చొని, నైటీ అంచు వేళ్ళతో నలుపుతూ మెల్లగా అంది.

“వదినె, మా కాలనీల పొద్దుగాల పాలకు పొయ్యే ఆడోళ్ళను వాచ్‌మన్ గూడ అడ్గడు. ఈళ్ళేమన్న వేరే మనుషులా?”

నాకు దీపం వెలిగినట్టయింది. గోడల మీదుగా కబురు ఇల్లిల్లూ దాటింది. పాల క్యానులో బియ్యం, అందులోనే కారం ఉప్పు పొట్లం, నైటీ మీద తువ్వాల, ఇద్దరిద్దరుగా బయల్దేరాలి. చౌరస్తాలో మూసి ఉన్న హోటలు వెనక కట్టెలూ, కడుతున్న ఇంటి ముందు ఇటుకలూ ఉండనే ఉన్నాయి. పెద్ద గంజు లేకపోతే పీడాపోయె, ఆ క్యానులోనే వండుదాం అనుకున్నాం.

తీరా మేమిద్దరం క్యాన్లు పట్టుకొని వచ్చేసరికి దర్వాజకు అడ్డంగా అత్తమ్మ కూర్చొని ఉంది.

“షావుకారు కోడలు నైటీ మీద చౌరస్తల నిలవడ్తదా? మీ మామ ఫోటోల నుంచి సూస్తుండు, జర సిగ్గుండాలె.”

స్టేషన్ వాడ అక్క అన్నమాట ఉన్నదున్నట్టు చెప్పాను, కిటికీ ముచ్చటతో సహా. అత్తమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచి, నన్ను పక్కకు నెట్టి, కొట్టులోకి నడిచి బీరువా తెరిచింది.

“నా వొంటికి పట్టేది ఉన్నదా?”

ఎవరూ కొనక రెండేళ్ళుగా పడి ఉన్న అన్నిటికంటే పెద్ద కొలత నైటీ ఒకటి ఉంది, గోధుమరంగు మీద పసుప్పచ్చ పూలు. తీసిచ్చాను. ఆమె వెంటనే తొడుక్కోలేదు. బొడ్డులో దోపిన మూట విప్పి, ఒక రూపాయి బిళ్ళ నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“బోణీ గాకముందు సరుకు ఊర్కె ఇయ్యొద్దు, నీకు మీ నాయిన నేర్పలేదా?”

సమ్మె మొదలయ్యాక మా కొట్టుకు అదే మొదటి బోణీ. రూపాయిని కళ్ళకద్దుకొని గల్లాపెట్టెలో వేశాను. నా బతుకులో బేరమాడకుండా అమ్మిన సరుకు అదొక్కటే. అత్తమ్మ దాన్ని చీర మీదనే తొడుక్కుంది, ధర చీటీ వీపు మీద ఊగుతుండగా, కాళ్ళొచ్చిన వడ్ల గుమ్మిలాగా దర్వాజ దాటింది.

వీధి కొసన ఉన్న ఇద్దరిలో ఒక కానిస్టేబులు మమ్మల్ని చూసి అలవాటుగా తల తిప్పుకోబోయి, ఆమె ఆకారానికి ఆగాడు.

“పెద్దవ్వా, గింత పొద్దుగాల ఏడికి?”

“పాలకు బిడ్డా. చాయ లేకుంటె నాకు కాళ్ళు లేస్తయా?”

అతను సిగ్గుపడి గోడవైపు తిరిగి, తొందరగా పోయి రమ్మన్నాడు. మా వెనక ఇద్దరు, వాళ్ళ వెనక ఇద్దరు. బజారు ఆడవాళ్ళంతా పాలకు పోతుంటే, ఒక్కరూ తిరిగి రావడం లేదని అతనికి తట్టేసరికి చౌరస్తాలో పొగ లేచింది. ఒక్క పెద్ద పొయ్యి అనుకున్నది ముప్పై చిన్న పొయ్యిలయింది. నాలుగు రోడ్ల కూడలి నిండా పూలపూల నైటీలు, తువ్వాలలు, బుసబుస పొంగుతున్న పాల క్యాన్లు. పరుగెత్తుకొచ్చిన కానిస్టేబులు రొప్పుతూ అత్తమ్మ ముందు నిలబడ్డాడు.

“పెద్దవ్వా, పాలకంటివి గద?”

“పాలు దొరకలే బిడ్డా, అన్నం అండుకుంటున్న. నువ్వు గూడ రెండు బుక్కలు తిను, నిన్నటి సంది నిలవడ్డవు.”

జీపులో వచ్చిన అధికారి దిగీ దిగకముందే మమ్మల్ని చూసి తల పక్కకు తిప్పేశాడు. కట్టుబాటు అంత గట్టిది. నైటీలో ఉన్న ముప్పైమంది ఆడవాళ్ళను ఎటు చూసి మాట్లాడాలో, ఎవరు చెయ్యి పట్టి లేపాలో ఆయనకు పాలుపోలేదు. హోటలు పందిరి కింద ఫోన్ పట్టుకొని అటే తిరిగి నిలబడ్డాడు. మేం వండాం, తిన్నాం, పన్నెండు దాటేదాకా ఒక్క చక్రం కదలలేదు. కానిస్టేబులు జీపు చాటున నిలబడి విస్తరాకు ఖాళీ చేశాడు. స్టేషన్ వాడ అక్క మామిడికాయ తొక్కు గిన్నె పట్టుకొని వచ్చి, మా వాలకం పైనుంచి కిందిదాకా చూసి నా పక్కన చతికిలబడింది.

“మేమంత చీరలు కట్టుకొని తయారై వచ్చినం. మీరు ఇంట్లున్నోళ్ళు ఉన్నట్టే లేచొచ్చిన్రు. ఓడినం తీయి.”

తర్వాత సమ్మె ముగిసి కొట్టు తెరిచాం, కొన్నేళ్ళకు తెలంగాణ కూడా వచ్చింది. వచ్చినవాళ్ళు గొంతు తగ్గించకుండానే ‘చౌరస్తా నైటీ చూపియ్యి’ అని అడిగితే, ఆ పసుప్పచ్చ పూల రకం ఎన్ని బేళ్ళు తెప్పించినా నిలవలేదు. అత్తమ్మ మాత్రం దాన్ని మళ్ళీ తొడగలేదు, ఉతకనూ లేదు. ఆమె చనిపోయినప్పుడు పెట్టె తీస్తే అడుగున మడత పెట్టి ఉంది, కట్టెపొగ వాసనతో, ధర చీటీతో సహా. అంతటి సరుకును రూపాయికి కొట్టేసిన సాక్ష్యం పారేయడానికి ఆమెకు మనసొప్పలేదేమో.

ఇప్పుడా మాటలోంచి రాత్రి పోయింది, బాలింత వాసన పోయింది, సిగ్గూ పోయింది, చివరికి పేరే పోయి అద్దాల వెనక నిలబడింది. అది నా దిగులు కాదు, బట్ట ఎదిగితే బట్టల కొట్టువాళ్ళకు సంతోషమే. నా దిగులు పాలది. ఫోన్లో వేలు ఆనిస్తే పాకెట్లు తలుపు దగ్గరికే వస్తున్నాయి, కూరలూ అంతే. పొద్దున్నే వీధిలో ఒక్క తువ్వాలా కనబడదు. రేపు మళ్ళీ ఏదైనా అవసరం పడి ముప్పై పొయ్యిలు వెలిగించాల్సి వస్తే, మన ఆడవాళ్ళు ఏ సాకు చెప్పి ఇల్లు కదులుతారు?

అందుకే కోడలు ఎంత మొత్తుకున్నా, మసి పట్టిన ఆ క్యాను పట్టుకొని, నైటీ మీద తువ్వాల కప్పుకొని రోజూ పాలకు నేనే పోతాను. దారిలో మగవాళ్ళు ఇంకా తల తిప్పుకుంటూనే ఉన్నారు. తిప్పుకోనీ, అది ఎప్పుడు అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు.