ఫ్లెక్సీ కొట్టువాడి ఛానల్లో మా పిల్ల

మా మనవరాలి పెళ్లి ఆపించింది నేనే. పదో తరగతి చదివే పిల్లను మేనమామకిచ్చి చేయాలని మా అబ్బాయీ కోడలూ ముహూర్తం పెట్టించారు. పెళ్లికొడుకుది విస్సన్నపేట, మా కోడలికి స్వయానా తమ్ముడు. "బయటివాడు కాదు కదమ్మా, మనవాడే," అన్నాడు మా అబ్బాయి. మనవాడైతే పిల్లకు వయసు పెరుగుతుందా? నన్నూ ఆ ఈడులోనే కట్టబెట్టారు. నేను సంతకం నేర్చుకుంది మా ఆయన పోయాక, పింఛను కోసం. అందుకే అంగన్‌వాడీ టీచరమ్మ చెవిన వేశాను.

పసుపు రాసే రోజున, చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపే ఆఫీసువాళ్లు వచ్చారు. కేకలు లేవు, హడావుడి లేదు. మేడమ్ పిల్లను లోపలి గదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడింది. పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయనని మా అబ్బాయిని ఒప్పించింది. "పిల్ల సంగతి మా నుంచి బయటికి పోదండి. సోమవారం బడికి పంపండి," అని చెప్పి వెళ్లింది. ఆమె మాట ఆమె నిలబెట్టుకుంది. కొంప తగలబెట్టినవాడు వేరే.

మా బజారు చివర ఫ్లెక్సీలు వేసే కొట్టాయనకు ఫోనులో వార్తల ఛానల్ ఒకటి ఉంది. కబురు ఎవరు మోశారో, ఆ సాయంత్రమే మా గేటు ముందు నిలబడి వీడియో తీశాడు. పందిరి గుంజలు, గుమ్మానికి మామిడాకులు, చీపురెత్తి వాణ్ణి తరుముతున్న నేను, అన్నీ వచ్చాయి. పిల్ల బయటికి రాలేదు గనుక దాని మొహం దొరకలేదు. దొరక్కపోతే ఏం? దాని ఓణీల ఫంక్షన్‌కి మా అబ్బాయి ఫ్లెక్సీ వేయించింది ఆ కొట్లోనే. నగలు పెట్టుకుని నవ్వుతున్న ఆ ఫొటో వాడి కంప్యూటర్లో ఉంది. దాని కళ్ల మీద ఒక నల్లపట్టీ అతికించి, వెనక సన్నాయి పెట్టి వదిలాడు.

తెల్లారేసరికి అందరి ఫోన్లలో మా పిల్లే. కళ్లకు పట్టీ వేస్తే మా తిరువూరులో మనిషిని పోల్చుకోలేరా! వీడియో కింద జనం రాసిన మాటలు మా కోడలు చదువుతూ చదువుతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ మాటలు నేను చెప్పను. నేను చెబుతుంటే ఇది రాస్తున్న అమ్మాయి అడిగినా చెప్పలేదు. పెళ్లాం పిల్లలున్న మగాళ్లు రాశారవి. పుండు మీద వాలే ఈగలు నయం.

పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. "నేను బడికి పోను నాయనమ్మా. దీనికంటే ఆ పెళ్లే నయం," అంది. ఈ మాట వినడానికా నేను కొడుకుతో పగ పెట్టుకుంది?

నేరుగా ఆ కొట్టుకు పోయాను. మా అబ్బాయి నా వెనకే వచ్చాడు, నన్ను ఆపడానికేమో అనుకున్నాను.

"రండి మామ్మగారూ, కూర్చోండి. ధైర్యమున్న బామ్మ అని మిమ్మల్ని ఎంత పొగుడుతున్నారో చూశారా?" అన్నాడు వాడు.

"నా సంగతి తర్వాత. ముందా బొమ్మ తియ్యి."

"మంచి వార్తే కదండీ, పదిమందికి బుద్ధొస్తుంది. పోనీ మీరో రెండు మాటలు మాట్లాడండి, అది పెట్టి ఇది తీసేస్తా."

"పిల్లను దించి ముసల్దాన్ని ఎక్కిస్తావా? చేపల కొట్లో బేరమా ఇది?"

వాడికి రోషమొచ్చి మా అబ్బాయి వైపు తిరిగాడు. "ఏం బావా, సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించింది నువ్వే. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోయిందా?"

మా అబ్బాయి తల దించుకున్నాడు. ఆ ఫ్లెక్సీ నాకు అప్పుడూ రోతే. ఈడొచ్చిన పిల్ల బొమ్మను బస్సులు ఆగే చోట వేలాడదీయడమేంటిరా అంటే, అందరూ కట్టిస్తున్నారమ్మా అన్నాడు. అయితే మాత్రం వీడికేం హక్కు? "ఇస్త్రీకిచ్చిన చీర ఇస్త్రీవాడి పెళ్లాం కట్టుకు తిరగొచ్చట్రా?" అన్నాను. పక్క టీకొట్లో నవ్వారు. వాడూ నవ్వి, ఎంతమంది చూశారో గొప్పగా చూపించబోయాడు.

అప్పుడు నోరు విప్పాడు మా అబ్బాయి. "పెళ్లి చేయబోయింది నేను. నా మొహం పెట్టుకో, నా పేరు పెట్టుకో. పిల్లను తియ్యి. లేకపోతే ఆ మేడమ్‌ను ఇక్కడికే పిలుస్తా."

మేడమ్ అనగానే వాడి వేళ్లు కదిలాయి. కంప్యూటర్లో ఫొటో కూడా పక్కన నిలబడి తీయించాడు మా అబ్బాయి.

తీస్తే పోయిందా? అప్పటికే ఊరంతా పంచుకున్నారు. కిరాణా కొట్లో ఒకావిడ నా ముందే, "ఆ వీడియో నాకు రాలేదే, పంపవా," అని ఇంకొకావిడను అడిగింది.

సోమవారం మా అబ్బాయి బండి తీశాడు. పిల్ల కదల్లేదు. "నేనూ క్లాసు దాకా వస్తానే. తప్పు నాదని మీ టీచర్‌కి నేనే చెబుతా," అన్నాడు. అది చాలాసేపు గడప మీద కూర్చుని, చివరికి లేచి బండెక్కింది.

సాయంత్రం వచ్చాక అడిగాను, ఎవరైనా ఏమన్నా అన్నారా అని.

"పెళ్లికూతురు వచ్చిందన్నారు."

"నువ్వేమన్నావే?"

"లెక్కల క్లాసు మొదలైంది." కంచం ముందుకు లాక్కుంది. "రేపు కూడా నాన్ననే దింపమను నాయనమ్మా."

బడికి పోవాలంటే, మగాళ్లు నవ్వుతూ కూర్చునే ఆ టీకొట్టు ముందు నుంచే పోవాలి మరి.